పచ్చబొట్ల మెడ

ఆ గడ్డ కంటికి కనబడదు, చేతికి తగలదు. ఉందని చెప్పేది అడిస్ అబాబాకు దూరంగా కొండల్లో ఉన్న వెయ్న అంబ ఊరు మొత్తానికి డాక్టర్ మస్తెవాల్ ఒక్కతే. సెనగగింజంత గడ్డ. మెడకు ఎడమ పక్కన, పాత కోత మచ్చ కింద, లోతుగా కూర్చుంది. స్కానింగ్ తెర మీద నల్లగా, గుండ్రంగా, లోపల నూకలు చల్లినట్టు తెల్లటి చుక్కలతో కనిపిస్తుంది. తెర ఆపేస్తే మళ్ళీ ఏమీ లేదు. కనబడనిదాన్ని ఉందని నమ్మించడం భూతవైద్యులకు అలవాటైన పనే గాని, చదువుకున్న డాక్టరుకు అంత సులువు కాదు.

"ఈ వేళ్ళు ముప్పయ్యేళ్ళ నించి మెడలు తడుముతున్నాయమ్మాయ్," అన్నాడు సర్జను గషావ్. కళ్ళు మూసుకుని మరీ తడిమాడు. "ఇక్కడ మచ్చ తప్ప ఏమీ లేదు."

"ఉంది సార్. మీ చూపుడువేలి కిందే ఉంది."

"నా వేలి కింద ఉంటే నాకు తెలీదా?"

"తెలిస్తే ఇంక ఈ మిషను ఎందుకు సార్ మనకి?"

గషావ్ నవ్వలేదు, అలాగని కోప్పడనూ లేదు. తెర వంక చూశాడు, మెడ వంక చూశాడు, మళ్ళీ తెర వంక చూశాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ మరీ ఇంటి గోడలోనే దాక్కున్నాడు.

బల్ల మీద పడుకున్న మనిషి ఇదంతా వింటూనే ఉంది. ఆమె పేరు యెషారెగ్. బస్టాండు వెనక వీధిలో తెల్లా చేసి అమ్ముతుంది. బార్లీ పులియబెట్టి ఇంట్లో చేసే ఆ బీరుకు ఊళ్ళో పది కొట్లు ఉన్నా, జనం ఆమె కొట్టుకే వస్తారు. అక్కడ తెల్లా కన్నా ఆమె నోరు ఘాటు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆటపట్టిస్తుంది, పోయేవాడికి దారిఖర్చుగా ఇంకో చురక అంటిస్తుంది. తిట్లు తిని నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు మర్నాడు మళ్ళీ హాజరు.

"మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి," అందామె. "గడ్డ ఉంటే ఉందనండి, లేకపోతే ఇంటికి పోతా. పొయ్యి మీద నీళ్ళు పెట్టి వచ్చాను."

మస్తెవాల్ ఆమె మెడ మీది జెల్లీని గుడ్డతో తుడిచింది. తుడిచేకొద్దీ పచ్చబొట్ల వరసలు బయటపడ్డాయి, గొంతు కింది నుంచి గడ్డం దాకా ఒకదాని మీద ఒకటి. పెళ్ళికి ముందు పొడిపించుకున్నవి. ఆ వయసు ఆడవాళ్ళందరికీ ఉండేవే. యెషారెగ్ తన తెల్లటి నెటెలా పైటను మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని లేచి కూర్చుంది.

రెండేళ్ళ కిందట ఆమె థైరాయిడ్‌లో క్యాన్సరు బయటపడితే గషావే ఆ గ్రంథిని మొత్తం తీసేశాడు. పని బాగానే జరిగింది గాని, గొంతును నడిపే నరానికి దెబ్బ తగిలి ఆమె మాట పడిపోయింది. ఓ వానాకాలమంతా మూగదానిలా ఉండి, తర్వాత ఎలాగో మాట తిరిగివచ్చింది. ఇప్పుడు ఆ క్యాన్సరు ముక్క ఒకటి పక్కనున్న లింఫు గ్రంథిలో, బిళ్ళ అంటారే దాన్లో, వచ్చి చేరింది. చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తే పీడ విరగడవుతుంది. పెరగనిస్తే ఎటు పోతుందో చెప్పలేం.

"తీయడం పెద్ద పని కాదు," అన్నాడు గషావ్, ఆమె బయటికి వెళ్ళాక. "వెతకడమే పని. ఒకసారి కోసిన మెడలో అంతా బంకలా అతుక్కుపోయి ఉంటుంది. ఆ బంకలో నరం ఎక్కడుందో దేవుడికి తెలియాలి. నేను లోపల అటూ ఇటూ కెలికానంటే ఈసారి గొంతు తిరిగి రాదు. నేరుగా వెళ్ళాలి, తీయాలి, వచ్చేయాలి. ఇప్పుడు దొరక్కపోతే ఆ మెడ నేను ఇంకోసారి తెరవను."

యెషారెగ్ మాత్రం అసలు ఈ ఒక్కసారికే ఒప్పుకోలేదు. కొండ మీది మఠంలో పుణ్యజలం పోయించుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది. పోయించుకుంది కూడా. తర్వాత స్కానింగులో గడ్డ ఎక్కడిది అక్కడే ఉంది, కాస్త ఒళ్ళు చేసి.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం మస్తెవాల్ తానే తెల్లా కొట్టుకు వెళ్ళింది. డాక్టరు గుమ్మంలో కనబడగానే బల్లల మీది మగవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు.

"రా డాక్టరమ్మా," అంది యెషారెగ్ లోపలి నుంచే. "గడ్డ మీద బెంగపడి వచ్చావా, తెల్లా మీద బెంగపడి వచ్చావా?"

"రెండూ పెద్దమ్మా."

"ఆ మెడలోంచి వచ్చే తిట్లకి గడ్డ ఎట్లా బతుకుతుందో నాకైతే అర్థం కాదు," అన్నాడు మూల కూర్చున్న లారీ డ్రైవరు.

"నీ కడుపులో నా తెల్లా బతకట్లా? అట్లాగే బతుకుద్ది. తాగింది చాలు గాని లే. పెళ్ళాం గుమ్మంలో రోకలి పట్టుకుని నించుంది, ఇప్పుడే చూసొచ్చా."

కొట్టంతా గొల్లుమంది. యెషారెగ్ మస్తెవాల్‌ను వెనకనున్న వంటింట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ కుండల మధ్య పీట వేసి కూర్చోబెట్టి, తను నిలబడే మాట్లాడింది. ఆ మాటలో ఇందాకటి వెటకారం లేదు.

"ఆ వానాకాలం నాకు గొంతు లేదు. రేకు గిన్నె మీద గరిటెతో కొట్టి పిలిచేదాన్ని మనుషుల్ని. వచ్చేవాళ్ళు వచ్చారు, కాదన్ను. జాలిపడి వచ్చారు. తలొంచుకుని తాగి, తలొంచుకుని పోయారు. జాలితో తాగే తెల్లా పులిసిపోద్దమ్మా. చస్తే ఒక్కసారే చస్తాను. గొంతు పోతే పొద్దునే లేచిందగ్గర్నించీ చావాలి."

అప్పుడు మస్తెవాల్ బొగ్గు సంగతి చెప్పింది. అది ఆమె అడిస్ అబాబాలో ఓ పెద్ద డాక్టరు దగ్గర నేర్చుకున్న విద్య. చేతికి దొరకని గడ్డను స్కానింగులో చూస్తూ సన్నటి సూది దించి, దాన్లో రెండు బొట్లు బొగ్గునీళ్ళు వదలాలి. బొగ్గు ఎక్కడ వేస్తే అక్కడే ఉంటుంది, కరగదు, కారదు.

"డాక్టరుగారు లోపల వెతుక్కోనక్కర్లేదు పెద్దమ్మా. నల్లగా ఉన్నదాన్ని తీసి బయటికి వచ్చేస్తారు. నరం జోలికే పోరు."

"బొగ్గా? పొయ్యిలోదా?"

"శుభ్రం చేసిన బొగ్గు. మందులాంటిది."

"మా అమ్మ కడుపునొప్పికి బొగ్గు నూరి పోసేది," అంది యెషారెగ్. కుండ మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూసింది. "గొంతు పోదని మాటిస్తావా?"

డాక్టర్లు ఇవ్వకూడని వాటిలో మాట మొదటిది. మస్తెవాల్‌కు అది బాగా తెలుసు. అయినా ఆ వంటింట్లో, ఆ మొహం చూస్తూ, లేదనలేకపోయింది.

"ఇస్తున్నాను," అంది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే స్కానింగ్ గదిలో పని సాఫీగా జరిగింది. సిస్టర్ అల్గనెష్ యెషారెగ్ మెడలోని జ్ఞానస్నానమప్పుడు కట్టిన నల్లతాడు విప్పి, ఊరికే బల్ల మీద పెట్టకుండా ఆమె మణికట్టుకు కట్టింది. మస్తెవాల్ తెర చూస్తూ సూది దించింది. సూదిమొన గడ్డలో తళుక్కుమని కనబడగానే రెండు బొట్లు వదిలింది. పైన చర్మం మీద ఊదారంగు పెన్నుతో రెండు గీతలు అడ్డంగా గీసి కత్తెర గుర్తు పెట్టింది. పచ్చబొట్ల మధ్య ఆ గుర్తు సరిగా ఆనలేదని మళ్ళీ దిద్దింది.

"పొడిచావా? అయిపోయిందా?" అంది యెషారెగ్. "నా చిన్నప్పుడు పచ్చబొట్టు ముసల్ది పొడిచినంత నొప్పి కూడా లేదు. అదైతే తుమ్మముల్లుతో పొడిచి పైన ఇంత మసి రుద్దేది."

"మాట్లాడొద్దు పెద్దమ్మా, కదులుతుంది."

"ఇప్పుడు మాట్లాడొద్దంటే మానతాగాని, తర్వాత మాత్రం అనకు."

ఆమెను పై అంతస్తులో ఉన్న ఆపరేషన్ థియేటరుకు తీసుకుపోయారు. మస్తెవాల్ కింద తన గదిలో గర్భిణీల స్కానింగులు మొదలుపెట్టింది. వరండా నిండా కడుపులే. చెవి మాత్రం మెట్ల వైపే ఉంది. తీసిన బిళ్ళను ఉప్పునీళ్ళలో వేసి కిందికి పంపమనీ, తను చూసి సరేనన్నాకే మెడ కుట్టమనీ ముందే అడిగింది. గషావ్ సరేనన్నాడు గాని, ముసలమ్మ చాదస్తాన్ని ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాడు.

అనుకున్నదానికన్నా త్వరగానే అల్గనెష్ స్టీలు గిన్నెతో దిగి వచ్చింది. ఆమె మొహం విప్పారి ఉంది.

"సారు తెరవగానే దొరికింది డాక్టరుగారూ. కత్తెర గుర్తు కిందే. కాటుకలా ఉంది. సారు మిమ్మల్ని మెచ్చుకున్నారు కూడా, నా చెవులతో విన్నాను."

గిన్నెలో, నీళ్ళ అడుగున, నల్లటి బిళ్ళ. మస్తెవాల్‌కు ఒక్కసారి గుండె నిండిపోయింది. మిషను ప్రోబును నీళ్ళకు ఆనించి తెర వంక చూసింది.

తెర మీద బిళ్ళ చిక్కుడుగింజలా పొడుగ్గా ఉంది. నడుమ తొడిమ ఉన్నచోట తెల్లటి గీత చక్కగా, ఆరోగ్యంగా ఉంది. నూకల్లాంటి చుక్కలు లేవు. ప్రోబును తిప్పింది. ఇంకోవైపు నుంచి చూసింది. గిన్నెను తిప్పింది. చుక్కలు ఎక్కడా లేవు.

మనసు వెయ్యి వంకలు వెతికింది. నీళ్ళలో ఉంది కాబట్టి ఇలా కనబడుతోందేమో. కోసినప్పుడు నలిగిందేమో. నల్లగా ఉంది, గుర్తు కిందే ఉంది, పైన అందరూ సంతోషంగా ఉన్నారు. సరేనంటే కుట్టేస్తారు. ముక్క అడిస్ అబాబా ల్యాబుకు వెళ్ళి జవాబు వచ్చేసరికి మాసాలు పడతాయి. అప్పటిదాకా తన తప్పు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆ మెడను ఎవరూ తెరవరు.

బ్లేడు తీసుకుని బిళ్ళను రెండుగా కోసింది. లోపల కూడా నలుపే. ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఇసుక పోసినట్టు సమంగా పరుచుకున్న పాత నలుపు. తను వేసింది రెండంటే రెండు బొట్లు. ఇంత నలుపు ఎక్కడిది?

"ఏంటండీ, బాగాలేదా?" అంటూ అల్గనెష్ గిన్నె మీదికి వంగింది.

ఎప్పుడూ కాలరు పైదాకా బొత్తాలు పెట్టుకునే మనిషి ఆవిడ. ఇవాళ థియేటరు చొక్కాలో ఉంది, మెడ దగ్గర వెడల్పుగా తెరిచి ఉన్న చొక్కా. ఆ మెడ చుట్టూ పచ్చబొట్లు. వరస మీద వరస, ఆకుపచ్చా నీలమూ కలిసిన మసి రంగు.

మస్తెవాల్ ఆ మెడ వంక చూస్తూ ఉండిపోయింది. మసి. తుమ్మముల్లు, పైన ఇంత మసి. అది చర్మం మీదే ఎందుకు ఆగుతుంది? ఒంట్లో దూరిన ప్రతి చెత్తనూ ఏరి దాచిపెట్టేవి ఈ బిళ్ళలే కదా. నలభై ఏళ్ళుగా, అంతకన్నా ఎక్కువగా, మెడ మీది మసిని రవ్వరవ్వగా లోపలికి చేర్చుకుంటూ ఉంటాయి. యెషారెగ్ మెడలో నల్లగా ఉన్నది ఒక్క బిళ్ళ కాదు. అన్నీ నల్లగానే ఉంటాయి. బొగ్గు కొట్లోకి వెళ్ళి నల్లగా ఉన్నది తెమ్మని చెప్పి పంపినట్టయింది గషావ్‌ను.

"పైకి పరుగెత్తండి సిస్టర్," అంది. "కుట్టొద్దనండి. ఇది కాదు."

కానీ తనే ముందు పరుగెత్తింది.

గషావ్ కుట్టుసూది చేతిలో పట్టుకుని గుమ్మం వైపు చూస్తున్నాడు. బల్ల మీద యెషారెగ్ మత్తులో ఉంది. నెత్తి మీద దీపం వెలుగులో తెరిచిన మెడ.

"ఇది కాదు సార్," అంది మస్తెవాల్ మాస్కు కట్టుకుంటూ. "తప్పు నాది."

"నల్లది తీయమన్నావు. నల్లది తీశాను."

"అది నా బొగ్గు కాదు. పచ్చబొట్టు మసి. అన్ని బిళ్ళలూ అలాగే ఉంటాయి, చూడండి."

గషావ్ కుట్టుసూది కింద పెట్టాడు. గాయం అంచును కొక్కెంతో మెల్లగా ఇంకాస్త తీసి, లోపలికి వంగాడు. అక్కడొకటి నల్లగా మిరియపు గింజంత. దాని పక్కన ఇంకొకటి. ఆ కింద మూడోది.

"ఇలాంటివి నేను చాలాసార్లు చూశాను," అన్నాడాయన చివరికి, తనలో తను అనుకున్నట్టు. "ఆడవాళ్ళ మెడల్లోనే చూశాను. పొయ్యి పొగ అనుకున్నాను. ఇన్నేళ్ళూ పొయ్యి పొగే అనుకున్నాను." తలెత్తి ఆమె వంక చూశాడు. "ఇప్పుడు ఏది నీది?"

"నాకూ తెలీదు సార్. మిషనుకి తెలుసు."

"మిషను కింద ఉంది."

"పైకి తెస్తాను. అప్పటిదాకా ఏమీ ముట్టుకోకండి."

"నేను రాయిలా నించుంటాను," అన్నాడు గషావ్. "త్వరగా రా."

ఆ ఆసుపత్రిలో లిఫ్టు ఉంది గాని, అది కదలగా చూసినవాళ్ళు రిటైరయిపోయారు. స్ట్రెచర్ల కోసం కట్టిన ఏటవాలు దారి ఒక్కటే గతి. మిషను చక్రాల మీద బీరువా అంత ఉంటుంది. మస్తెవాల్ దాన్ని గదిలోంచి తోసుకుంటూ వరండాలోకి రాగానే గర్భిణీల వరస అంతా ఒక్కసారి లేచింది.

"ఎక్కడికి తల్లీ దాన్ని? పొద్దుటి నించి కూర్చున్నాం."

"పైన ఒకావిడ మెడ తెరిచి ఉంది అక్కా. లోపల గడ్డ దొరకట్లేదు. ఇది లేకపోతే కుదరదు."

వరసలో అందరికన్నా ముందున్నావిడ నెలలు నిండిన మనిషి. గోడ పట్టుకుని లేచి, తన బొజ్జ వంక ఓసారి చూసుకుంది. "తీసుకుపో. నాది ఎక్కడుందో నాకు తెలుసు, మిషను చెప్పక్కర్లా," అంది. తర్వాత వెనక్కి తిరిగి కేకేసింది. "ఏమయ్యా, పెళ్ళాలకి కాపలా వచ్చిన మగాళ్ళూ, గోడలకి ఆనుకుని నించున్నది చాలు గాని వచ్చి తొయ్యండి."

మొగుళ్ళు వచ్చి తోశారు. ఏటవాలు మీద ఒక చక్రం మొరాయిస్తే ఎత్తి మోశారు. థియేటరు తలుపు దగ్గర అల్గనెష్ వాళ్ళను ఆపి, చక్రాలు తుడిచి లోపలికి లాక్కుంది.

మస్తెవాల్ చేతులు కడుక్కుని, ప్రోబును శుభ్రమైన గ్లవుజులో దూర్చి, దాని మూతి బిగించి కట్టింది. మెడలోని గాయంలో పెట్టి చూస్తే తెరంతా మంచు. తడి లేనిచోట గాలి చేరి ఏమీ కనబడనివ్వడం లేదు.

"నీళ్ళు పొయ్యండి సార్. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. గాయం నిండేదాకా."

గషావ్ పోశాడు. మంచు మెల్లగా విడిపోయింది. ముందు పెద్ద రక్తనాళం కనిపించింది, నల్లగా, కొట్టుకుంటూ. దాని పక్కన సిర. నల్ల బిళ్ళలన్నీ తెర మీద మామూలు బిళ్ళలే, పొడుగ్గా, అమాయకంగా ఉన్నాయి. మిషనుకు మసి రంగు తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది. పొద్దున తను కత్తెర గుర్తు పెట్టినచోట గడ్డ లేదు. మస్తెవాల్ ప్రోబును వెనక్కి జరిపింది. ఇంకొంచెం వెనక్కి.

చుక్కలు. నూకల్లాంటి తెల్లటి చుక్కలు, సిర చాటున.

"ఇక్కడుంది," అంది. "పొద్దున మామూలుగా పడుకుంది కదా. ఇక్కడ తల వెనక్కి వంచి పక్కకి తిప్పేసరికి గడ్డ లోపలికి జారింది. గుర్తేమో చర్మంతో పాటు ఇటు వచ్చింది."

"నరం?"

"కింద సన్నగా తెల్లగా ఏదో ఉంది. అదే కావచ్చు. మీరు పై నించి రండి."

తెర చూస్తూ సన్నటి సూదిని గడ్డలోకి దించి, అలాగే పట్టుకుంది. గషావ్ ఆ సూది వెంట దిగాడు. ఎటూ చూడలేదు, ఏదీ కెలకలేదు. ఆయన నుదుటి మీది చెమటను అల్గనెష్ తుడుస్తూ ఉంది. మస్తెవాల్ చేతికి తిమ్మిరెక్కింది, అయినా సూదిని కదలనివ్వలేదు. కాసేపటికి గషావ్ పట్టుకారు చివర గుండ్రటి గింజ ఒకటి బయటికి వచ్చింది. గిన్నెలో వేశారు. ప్రోబు ఆనించగానే చుక్కలు మిలమిలలాడాయి. కోసి చూస్తే పాత మసిని తోసేసి లోపలంతా క్యాన్సరు నిండిన బూడిదరంగు, మధ్యలో మాత్రం రెండు చోట్ల కాటుక పెట్టినట్టు కొత్త నలుపు.

"అదేనా?" అన్నాడు గషావ్.

"అదే సార్."

"ఖాయంగా?"

మస్తెవాల్ ఇంకోసారి చూసింది. ఈసారి తొందరపడదలుచుకోలేదు. "ఖాయంగా."

గషావ్ గాయంలోకి వంగి చాలాసేపు పరీక్షగా చూశాడు. "నరం కనబడుతోంది. తెగలేదు," అన్నాడు. "కానీ తెగకపోయినా అలుగుతుంది ఒక్కోసారి. లేచి మాట్లాడేదాకా ఏమీ చెప్పలేం."

మిషను కిందికి దిగేసరికి నెలలు నిండినావిడ ఇంకా ముందే నిలబడి ఉంది. "దొరికిందా?" అంది. దొరికిందని మస్తెవాల్ తలూపగానే ఆవిడ నాలుక ఆడిస్తూ పెళ్ళిలో వేసినట్టు మంగళధ్వని అందుకుంది. వరండాలోని ఆడవాళ్ళంతా గొంతు కలిపారు. దొరికిందేమిటో వాళ్ళలో సగం మందికి తెలియదు.

మర్నాడు యెషారెగ్ మాట్లాడలేదు.

మెలకువ వచ్చింది, మనుషుల్ని గుర్తుపట్టింది, నీళ్ళు కావాలంటే చెయ్యి చూపింది. గషావ్ వచ్చి ఏదీ ఒక్క మాట అనమంటే పెదవులు బిగించి గోడ వైపు తిరిగింది. మధ్యాహ్నం షీరో పప్పుపిండి పులుసుతో ఇంజెరా రొట్టె పెడితే నాలుగు ముద్దలు తిని, చాలని చేత్తోనే చెప్పింది. వరండాలో అల్గనెష్ గొంతు తగ్గించి, "పోయినట్టుందండీ," అంది. నరం తెగలేదని గషావ్ రెండుసార్లు అన్నాడు, రెండోసారి కాస్త నెమ్మదిగా.

మస్తెవాల్ సాయంత్రం దాకా ఆ వార్డు వైపు వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తోచలేదు. చివరికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. యెషారెగ్ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళలో కోపం లేదు. పరీక్ష రాయకపోతే తప్పిపోయే పని లేదనుకునే పిల్లల కళ్ళలో ఉండే భయం ఉంది. మస్తెవాల్‌కు అర్థమైంది. గొంతు పోయిందో లేదో ఆమెకే తెలియదు. తెలుసుకునే ధైర్యం లేక నోరు విప్పడం లేదు.

మాట్లాడమని మస్తెవాల్ అడగలేదు. తన సంగతి చెప్పుకుంది.

"నీకొకటి చెప్పాలి పెద్దమ్మా. నిన్న ముందు తప్పుడుది తీయించాను. నల్లది తీయమన్నాను గదా, తీరా చూస్తే నీ మెడలో అన్నీ నల్లవే. నీ పచ్చబొట్ల మసి అంతా లోపలికి దిగి బిళ్ళల్లో కూర్చుంది. ఏ జబ్బూ లేని బిళ్ళ ఒకటి నా మూలంగా పోయింది. అది చూసి సరేనని ఉంటే నిన్ను అలాగే కుట్టేసేవాళ్ళు, గడ్డ లోపలే ఉండేది. తర్వాత మిషను పైకి మోయించి అసలుదాన్ని పట్టుకున్నాం. అది పోయింది, నా కళ్ళారా చూశాను. కానీ అంతసేపు నీ మెడ తెరిచి ఉంచాల్సి వచ్చింది. ఆ తప్పు నాది."

యెషారెగ్ తల ఇటు తిప్పింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"నీ మెడ నేను ఎన్నిసార్లు చూశాను, ఎన్నిసార్లు తుడిచాను. పచ్చబొట్లు కళ్ళకి ఆనాయి గాని చూసింది లేదు. మా అమ్మకీ ఇవే ఉన్నాయి పెద్దమ్మా. గడ్డం దాకా ఇలాగే. ఆ మెడ కరుచుకునే పెరిగాను. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు, అడిస్ దాకా పోయి చదువుకొచ్చాను గాని, ఆ మసి ఏమైపోతుందని ఒక్కనాడూ తోచలేదు."

యెషారెగ్ మోచేతి మీద పైకి లేచింది. ఆమె మొహంలో రక్తం పొంగింది.

"అయితే ఇంతదానివయ్యేదాకా," అంది, "కన్నతల్లి మెడ ఒక్కసారి తిన్నగా చూసిన పాపాన పోలేదంటే, ఏం పిల్లవే నువ్వు?"

మొదటి ముక్క తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది. రెండోది బొంగురుగా వచ్చింది. చివరి మాట వార్డు అవతలి గోడకు తగిలింది. ఎదురు మంచం మీది ముసలావిడ తినేది ఆపి ఇటు చూసింది.

యెషారెగ్ చెయ్యి దానంతటదే కట్టు మీదికి వెళ్ళింది. నోరు అలాగే తెరిచి ఉంది. మస్తెవాల్ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఇంకా తిట్టు పెద్దమ్మా," అంది.

"తిడతాను," అంది యెషారెగ్, తలగడకు ఆనుకుని సర్దుకుని కూర్చుంటూ. "కంగారెందుకు, ఇంకా మొదలే పెట్టలేదు."